గ్రానైట్ గదిలో దొరికిన అయాన్

మీ విద్యార్థి సంచికకు ఉద్యోగ జీవితంలోని ఒక తీపి జ్ఞాపకం రాసి పంపమన్నారు. తీపివి చాలానే ఉన్నాయి. కానీ వాటిని రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలడం లేదు. కదిలేది ఒక్క విషయానికే, అది చేదు. రిటైరై ఇంట్లో కూర్చున్న ఇన్నాళ్లకు కూడా దాన్ని తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది. కోపం మంచిది కాదమ్మా అని మా పాస్టరయ్య ప్రతి ఆదివారం చెబుతూనే ఉంటారు. పాపం, ఆయన మా పెద్దసారు కింద పని చేయలేదు.

నేను కరీంనగర్ పొలిమేరలో ఉన్న ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో టెక్నికల్ ఆఫీసర్‌గా పనిచేశాను. మాది ఇచ్చోడ. బాపు నస్పూర్ దగ్గర బొగ్గు గనిలో పంపులు నడిపేవారు. గనిలో ఊరే నీళ్లు తోడి బయట పోయడం ఆయన పని. స్టీలు గొట్టాల్లోంచి గాలి తోడి బయట పారేయడం నా పని. "మీ బాపు పనే జేస్తున్నవు గద, చీర మాత్రం నలగకుంట" అని అవ్వ నన్ను ఆటపట్టించేది.

ఆ గొట్టాల చివర మేం వెతికిన వస్తువు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, విద్యుదావేశం మాత్రం తిరగబడి ఉంటుంది. రెండూ కలిస్తే రెండూ మాయమై గామా కిరణాలు మిగులుతాయి. కానీ మాయమయ్యే లోపల ఒక పాజిట్రాన్ రెండు ఎలక్ట్రాన్లను పట్టుకుని, చిన్న అయాన్‌గా కాసేపు నిలబడగలదు. కాసేపు అంటే మీరు రెప్ప వేసి తీసే లోపల అలాంటివి ఒకదాని తర్వాత ఒకటి కోట్లసార్లు పుట్టి చావవచ్చు. నెమ్మది చేసిన పాజిట్రాన్లను పలుచటి కార్బన్ పొరలోంచి పంపితే, అవతలి వైపు ఎప్పుడో ఒకటి ఇలా బయటికి వస్తుంది.

మరి వచ్చిందని ఎలా తెలుస్తుంది? దానికి రుణావేశం ఉంది కాబట్టి వోల్టేజీ పెట్టి లాగవచ్చు. లాగితే డిటెక్టర్ వైపు పరుగెత్తుతుంది. పరుగులో చచ్చిపోతుంది. పెద్దపల్లి స్టేషన్‌లో ఆగకుండా దూసుకొచ్చే బండి కూత ఎలా సన్నగా, హెచ్చుగా వినిపిస్తుందో, పరుగెత్తుతూ చచ్చిన అయాన్ గామా కూడా అలాగే హెచ్చు శక్తితో వస్తుంది. తెర మీది గ్రాఫ్‌లో మామూలు గామాల పెద్ద పీక్, అంటే శిఖరం లాంటి గీత, ఒకటి ఉంటుంది. దానికి కుడిపక్కన, హెచ్చు శక్తి వైపు, ఈ అయాన్ పీక్ విడిగా, చిన్నగా కనిపించాలి. వోల్టేజీ తగ్గిస్తే అది పెద్ద పీక్ వైపు జరగాలి. వోల్టేజీ తీసేస్తే కనబడకూడదు. అయాన్ అవునో కాదో తేల్చేది ఆ ఒక్క పరీక్షే. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మా పెద్దసారు మర్చిపోయారు.

పెద్దసారు అంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్డు. ప్రాజెక్టు ఆయనదే, అందులో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్‌కు గైడూ ఆయనే. మనిషి తెలివిలేనివాడని నేను అనను. దేశంలో పెద్ద సంస్థలు చేసే పని ఈ చిన్న ఊర్లో ఎందుకు జరగకూడదు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కూడా రోమాలు నిక్కబొడుచుకునేవి. పాత యంత్రాలు ఎక్కడెక్కడి నుంచో అడిగి తెప్పించింది ఆయనే. అందుకే ఇంకా కోపం. పనికిరాని మనిషి చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

స్కాలర్ మరమగ్గాల ఇంటి నుంచి వచ్చినవాడు. తండ్రి పొద్దంతా మగ్గం దగ్గర నిలబడి నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నారు. అందుకే ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడే అలవాటు. ఇతను కూడా ల్యాబ్‌లో అరిచినట్టే మాట్లాడేవాడు, మళ్లీ గుర్తొచ్చి గొంతు తగ్గించేవాడు. పంపు చప్పుడులో తేడా వస్తే నాకంటే ముందు అతనికే తెలిసేది. కార్బన్ పొరలను ఫ్రేముకు అతికించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఎన్ని చినిగినా విసుక్కోలేదు. డాక్టరేట్ రావాలి, లెక్చరర్ కావాలి, తండ్రిని మగ్గం మీంచి దించాలి. అతని లోకమంతా అదే.

మొదట మా యంత్రం పాత బిల్డింగులో ఒక రేకుల గదిలో ఉండేది. అక్కడ పాజిట్రాన్ల ధారను, అంటే బీమ్‌ను ఆపేసి, గదిలో ఊరికే ఉండే గామాలను చాలా రోజులు కొలిచి పెట్టుకున్నాం. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటారు. గోడల్లో, నేలలో, గాలిలో ఎప్పుడూ కొంత ఉంటుంది. అసలు కొలతలోంచి దాన్ని తీసేస్తేనే మన లెక్క మిగులుతుంది.

తర్వాత కొత్త ల్యాబ్ కట్టారు. దగ్గరి క్వారీ యజమాని ఒకాయన గ్రానైట్ దానంగా ఇచ్చారు. మన దగ్గర దానికేం కొదవ? ఊరి బయట గుట్టలన్నీ అదే. పెద్దసారు మురిసిపోయి నేలంతా గ్రానైట్ వేయించారు. యంత్రం బల్ల గ్రానైట్, డిటెక్టర్ దిమ్మె గ్రానైట్, గుమ్మం పక్కన తన పేరు బంగారు రంగు అక్షరాలతో చెక్కించిన ఫలకం కూడా గ్రానైటే. పంతులుగారిని అడిగి ప్రారంభానికి ముహూర్తం పెట్టించారు. ఆ ముహూర్తం దాటితే మళ్లీ మూఢమని, మంచి రోజుల్లేవని ఒకటే తొందర.

స్కాలర్ వెళ్లి అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"సార్, కొత్త గదిల బ్యాక్‌గ్రౌండ్ మల్ల కొలవాలె. జర టైం ఇయ్యుండ్రి."

"పాతది ఉన్నది గదనయ్యా."

"గది మారింది సార్. నేల మారింది."

"గామాకు నేల తోని ఏం పని? నీ బ్యాక్‌గ్రౌండ్ కోసం ముహూర్తం ఆగుతదా? పాతదే తీసెయ్."

"ఒక్క వారమియ్యుండ్రి సార్" అన్నాను నేను.

"మేడం, మీరు పంపులు చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను. కొబ్బరికాయ కొట్టారు, పంపుకు పసుపు కుంకుమ పెట్టారు, స్వీట్లు పంచారు. పాత రేకుల గది బ్యాక్‌గ్రౌండ్‌నే కొత్త గ్రానైట్ గది కొలతల్లోంచి తీసెయ్యమని స్కాలర్‌కు హుకుం అయింది.

కొన్నాళ్లకు పీక్ వచ్చింది. సరిగ్గా రావాల్సిన చోటే వచ్చింది. పెద్దసారు తెర ముందు నిలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజం చెబుతున్నాను, నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. స్కాలర్ ఒక్కడే నవ్వలేదు.

మర్నాడు నా దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం, గీ పీక్ మీద నాకు డౌట్ ఉన్నది."

"ఏమైంది బిడ్డా?"

"మరీ సన్నగున్నది. అయాన్ ఒక్కోటి ఒక్కో దిక్కు కొంచెం వంకర బోతది, దాని పీక్ జర వెడల్పు ఉండాలె. ఇది సూదిలెక్క ఉన్నది. ఇంకోటి, రాళ్లల్ల ఉండే థోరియం నుంచి ఒక గామా వస్తది. మన పదమూడు వేల వోల్టుల కాడ అయాన్ పీక్ ఏడ రావాల్నో, అది గూడ ఆణ్నే వస్తది."

నేను కాళ్ల కింద మెరుస్తున్న నేల వైపు చూశాను. అతను కూడా చూశాడు. ఆ రాయితో మనుషులకు వచ్చే ప్రమాదమేమీ లేదు, మా ఇంట్లో వంటగట్టు కూడా అదే. కానీ మా డిటెక్టర్ లాంటి దానికి ఆ కొద్దిపాటి గామా కూడా కనిపిస్తుంది. రేకుల గదిలో గ్రానైట్ లేదు. అందుకే పాత బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా ఈ పీక్ మిగిలిపోయింది.

"వోల్టేజీ తగ్గించి చూసినవా?"

"సార్ ముట్టొద్దన్నడు. వోల్టేజీ ఇచ్చే సప్లై పాతది, ట్రిప్ అయితే పైసలిచ్చినోళ్ల కమిటీ వచ్చినప్పుడు పరువు పోతదట."

ఇద్దరం వెళ్లాం. పెద్దసారు అప్పటికే పత్రికలవాళ్లను పిలిచి చెప్పేశారు. ఫొటో కూడా పడింది. స్కాలర్ గొంతు తగ్గించుకుని, నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాడు. ఆయన విన్నారు. విని ఏమన్నారో తెలుసా? "మగ్గం కాడ పెరిగినోడివి, నీకు పోగులు లెక్కబెట్టుడు వస్తది గని, గామాలు లెక్కబెట్టుడు నాకు నేర్పుతవా?"

ఆ మాటకు స్కాలర్ ముఖం నల్లబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, వోల్టేజీ ఒక్కసారి తగ్గిస్తే తేలిపోతది. అయాన్ అయితే మీకే మంచిది గద" అన్నాను. "తగ్గించేది లేదు. జర్నల్‌కు పేపర్ రాయమనుండ్రి. పేపర్ మీద సంతకం పెట్టకపోతే థీసిస్ గీసిస్ ఏమీ కదలదు" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. అంటే ఇక వెళ్లమని.

స్కాలర్ సంతకం పెట్టలేదు. పేపర్ ఆగింది. థీసిస్ ఆగింది. ఇంట్లో మాత్రం చెప్పుకోలేదు. తండ్రి ఫోన్ చేసి "ఎప్పుడైతది బిడ్డా" అని అరుస్తుంటే, గది మొత్తానికి వినబడుతుంటే, "అయితది బాపు, అయితది" అని ఇతనూ అరిచేవాడు.

ఇంతలో కమిటీ రానే వచ్చింది. డబ్బులిచ్చిన సంస్థ తరఫున ముగ్గురు వచ్చారు, అధ్యక్షురాలు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. పొద్దున నేను స్కాలర్‌ను పక్కకు పిలిచాను.

"ఇయ్యాల ఆ సప్లై దగ్గరికి నువ్వు రాకు. ఏమన్న అయితే నా చేతి మీదనే కావాలె. నాది పర్మనెంటు ఉద్యోగం, నన్ను ఏం పీకుతడు?"

"మీకెందుకు మేడం గీ పరేషాన్?"

"నోరు మూసుకొని ఆడ నిలబడు" అన్నాను.

పెద్దసారు చక్కగా మాట్లాడారు. తెర మీద పీక్ చూపించారు. కమిటీలో ఒకాయన బాగుంది బాగుంది అని గంగిరెద్దులా తల ఊపాడు. పెద్దావిడ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని అడిగారు, "వోల్టేజీతో పాటు పీక్ జరిగిన గ్రాఫ్ ఏది?"

"సప్లై కొంచెం పాతది మేడం, మార్చితే ట్రిప్ అవుతుంది. కొత్తది రాగానే చేస్తాం. భోజనానికి వెళ్దామా, చల్లారిపోతుంది."

ఆవిడ సరేనన్నట్టు ఒక అడుగు వేశారు. అప్పుడు నేను అడ్డం వెళ్లాను.

"జర ఆగుండ్రి మేడం. సప్లై మంచిగనే ఉన్నది. నిన్ననే రిపేర్ చేసిన. ఇప్పుడే చూపిస్త."

పెద్దసారు నా పేరు పెట్టి గట్టిగా పిలిచారు. నేను వినిపించుకోలేదు. నాబ్ తిప్పాను. పదమూడు వేల నుంచి పది వేలు, ఎనిమిది, అయిదు. సప్లై ఏ పేచీ పెట్టలేదు. చివరికి పూర్తిగా ఆపేశాను. బీమ్ కూడా మూసేశాను. పాత లెక్క చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. అందరూ నిలబడి ఉన్నారు. బయట వంటవాళ్లు ప్లేట్లు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పాజిట్రాన్ లేదు, వోల్టేజీ లేదు. తెర మీద అదే చోట, అదే సన్నటి పీక్ మెల్లగా లేచి నిలబడింది.

నాకు అక్కడితో చాలలేదు. మేస్త్రీలు ల్యాబ్ వెనక పారేసిన గ్రానైట్ ముక్క ఒకటి ముందే తెచ్చి గుడ్డ కప్పి పెట్టాను. దాన్ని రెండు చేతులతో లేపి డిటెక్టర్‌కు ఆనించి పెట్టాను. పీక్ ఇంకా ఏపుగా పెరిగింది. "ఇదేనా సార్ మీ అయాన్?" అని అడిగాను. పెద్దావిడ కాసేపు తెరను, కాసేపు నేలను చూసి, "బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ కొలిచారు?" అని మాత్రం అన్నారు.

ఆ రోజు భోజనాల దగ్గర ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకుని తిన్నాను. ఇక నిజం బయటపడింది, ఆ పిల్లవాడి దారి తెరుచుకుంటుంది అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

పెద్దసారు కమిటీకి ఇచ్చిన వివరణలో ఏం రాశారంటే, తప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వాడింది స్కాలర్ అని, అది అతని నిర్లక్ష్యమని, గైడ్‌గా తాను గట్టిగా మందలించానని. నిజమే, కంప్యూటర్‌లో ఆ లెక్క తీసేసింది స్కాలర్ చెయ్యే. ఆ చెయ్యి ఎవరి మాట మీద కదిలిందో అందులో లేదు. నేను వెళ్లి నోటికొచ్చినట్టు అడిగాను. వీసీ దగ్గరికి వెళ్లాను. అందరూ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "వదిలేయండి మేడం, డిపార్ట్‌మెంట్ పరువు" అన్నారు. పరువట! అబద్ధం చెప్పినప్పుడు పోని పరువు నిజం చెబితే పోతుందట. గైడ్‌ను మార్చమని అడిగితే పాత గైడ్ ఒప్పుకుంటేనే మారుస్తామన్నారు. అలాంటి రూల్ రాసినవాడెవడో ఇప్పుడు నా ముందుకొస్తే బాగుండు.

పెద్దసారు స్కాలర్‌ను పిలిచి, 'తప్పు నాదే' అని నువ్వు క్షమాపణ రాసిస్తే థీసిస్ ముందుకు పంపుతానన్నారు. అంత పెద్దమనసు! స్కాలర్ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఈసారి అతని గొంతు నిజంగానే చిన్నగా ఉంది.

"రాసియ్య మేడం. రాసిస్తే నేనే జేసినట్టయితది."

"మరి ఇంట్ల ఏం చెప్తవు?"

"మగ్గం పోగు తెగితే మా బాపు ముడేసి మల్ల నడుపుతడు మేడం. తెగలేదని మాత్రం అనడు. నేను గూడ ఉన్నదున్నట్టు చెప్తా."

వారం తిరగకుండా హాస్టల్ ఖాళీ చేసి పోయాడు. పెద్దపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాడు. తండ్రి ఇంకా మగ్గం మీదే ఉన్నారు.

పెద్దసారుకు తర్వాత పరిపాలనలో పెద్ద పదవి వచ్చింది. తప్పులు చేసినవాళ్లకు మన దగ్గర కుర్చీలు త్వరగా దొరుకుతాయి. ల్యాబ్ నా చేతికి వచ్చింది, అంటే ఎవరికీ పట్టకుండా పోయింది. నేను మొండిదాన్ని. డిటెక్టర్ కింద దిమ్మె తీయించి, చుట్టూ గామాలను ఆపే సీసం ఇటుకలు పేర్పించాను. బ్యాక్‌గ్రౌండ్ కొత్తగా కొలిచాను, ఎవరి ముహూర్తమూ అడగలేదు. స్కాలర్ అతికించి దాచిన కార్బన్ పొరల్లో చినగకుండా మిగిలినవి ఉన్నాయి, వాటినే పెట్టాను. రోజూ చూడటం, ఏమీ లేకపోవడం, తిట్టుకుని ఇంటికి పోవడం.

ఒక మధ్యాహ్నం తెర మీద కుడిపక్కన చిన్న గడ్డలాంటిది లేచింది. సూది కాదు, కాస్త వెడల్పుగా, పొట్టిగా ఉంది. వోల్టేజీ తగ్గించాను. జరిగింది. ఇంకా తగ్గించాను. ఇంకా జరిగింది. తీసేశాను. పోయింది. నేను కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఈ సంగతి పెద్దసారు చెవిన ఎవరు వేశారో తెలియదు. మర్నాడే ఫోన్. కంఠంలో తేనె. "కంగ్రాచ్యులేషన్స్ మేడం. మొదటి నుంచీ ప్రాజెక్టు నాదే కదా. పేపర్ మీద ముందు నా పేరు పెట్టండి, తర్వాత మీ ఇష్టం. అట్లయితే ఆ పిల్లవాడి థీసిస్ కూడా సంతకం చేసి పంపుతా. క్షమాపణ కూడా అక్కర్లేదు."

పళ్లు కొరుక్కుంటూ, అడిగి చెబుతానన్నాను. ఇది నేను తేల్చే విషయం కాదు. పోయేది ఎవరి బతుకో వాళ్లే చెప్పాలి.

స్కాలర్ ఆదివారం బస్సెక్కి వచ్చాడు. నేను చర్చి నుంచి నేరుగా ల్యాబ్‌కు వెళ్లాను. అతను గుమ్మం దగ్గర ఫలకం పక్కన చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నేను పక్కకు జరిగి అతన్నే సప్లై ముందు కూర్చోబెట్టాను. అతను తిప్పిన కొద్దీ పీక్ జరిగింది. పెంచితే కుడికి, తగ్గిస్తే ఎడమకు. ఎన్నిసార్లు తిప్పాడో.

"గింత చిన్నగుంటదా మేడం? గింతదాని కోసమేనా?" అని నవ్వి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు ఫోన్ సంగతి చెప్పాను. ఉన్నదున్నట్టు, ఒక్క మాట కలపకుండా. థీసిస్ కదులుతుందని, డాక్టర్ అవుతావని, గవర్నమెంటు కాలేజీకి అప్లై చేయవచ్చని కూడా చెప్పాను. అతను వింటూ లేచి గుమ్మం దాకా నడిచాడు. చెప్పులు వేసుకుంటూ ఫలకం వైపు చూశాడు.

"ఆయన పేరు రాయి మీద ఉన్నది గద మేడం. గదే చాలు. ఆయనకు దొరికింది గూడ రాయే గద."

"మంచిగ ఆలోచించుకో బిడ్డా."

"ఆలోచించేదేమున్నది? రేపు పొద్దున క్లాసున్నది, బస్సు పోతది" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్దసారుకు ఫోన్ చేసి, అతని మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు. పేపర్ రెండు పేర్లతో వెళ్లింది, అచ్చయింది. ముందు అతనిది, తర్వాత నాది. పిల్లలూ, మీలో ఎవరికైనా అది కనబడితే మొదటి పేరు చూడండి. దాని ముందు డాక్టర్ అని ఉండదు.